రెండు ఇంజన్ల పాతతరం ప్రొపెల్లర్ విమానాన్ని నడపడం ఎలా: మోడల్‌కూ అసలు విమానానికీ దశలవారీ మార్గదర్శి

ఒక ఇంజన్ మోడల్‌ను ధీమాగా ఎగరేసేవారూ, చిన్న శిక్షణ విమానంలో లైసెన్సు సంపాదించినవారూ తరచుగా అడిగే ప్రశ్న ఒక్కటే: రెండో ఇంజన్ చేరితే ఏం మారుతుంది? రెండూ తిరుగుతున్నంతసేపూ మారేది చాలా తక్కువ. ఒకటి ఆగిన క్షణం నుంచి మాత్రం పాత అలవాట్లు చాలావరకు పనికిరావు. అందువల్ల ఇక్కడి ప్రతి దశనూ, వైర్లు కలపడం మొదలుకొని రన్‌వే మీద చక్రాలు ఆనే వరకు, ఆ క్షణాన్ని దృష్టిలో ఉంచుకునే రాశాను.

అసలు విమానానికి సంబంధించిన భాగాన్ని ట్విన్ (రెండు ఇంజన్ల) విమానాల శిక్షకుడి పక్కన కూర్చోవడానికి ముందు చేసుకునే సన్నాహంగా చదవాలి. మీరు నడపబోయే విమానం మాన్యువల్‌లోని అంకెలకూ ఇక్కడి అంకెలకూ తేడా ఉంటే మాన్యువల్‌దే చివరి మాట.

1. ముందుగా అర్థం చేసుకోవలసినది: వేగమే రడ్డర్‌కు బలం

ఇంజన్లు మధ్యరేఖకు దూరంగా, రెక్కల మీద ఉంటాయి. ఒకటి ఆగితే, పనిచేస్తున్న రెండోది ముక్కును ఆగిన ఇంజన్ వైపు తోస్తుంది. ఆ తోపును ఎదుర్కొనేది రడ్డర్, అంటే తోక మీద నిలువుగా ఉండి ముక్కును పక్కకు తిప్పే పలక. రడ్డర్‌కు బలం దాని మీదుగా వెళ్లే గాలి నుంచి వస్తుంది కాబట్టి, వేగం ఒక హద్దు కంటే తగ్గినప్పుడు పెడల్‌ను చివరిదాకా తొక్కినా ముక్కు నిలవదు. విమానం ఆగిన ఇంజన్ వైపు తిరుగుతుంది, ఆ వైపు రెక్క వాలుతుంది, వెంటనే ఏదో ఒకటి చేయకపోతే విమానం వెల్లకిలా తిరగబడుతుంది.

ఆ హద్దునే వీఎంసీ అంటారు. తేలికపాటి ట్విన్ విమానాల స్పీడ్ మీటరు మీద దాన్ని ఎర్ర గీతతో చూపిస్తారు. దానికి పైన ఉండే నీలి గీత, ఒక్క ఇంజన్‌తో అత్యంత వేగంగా ఎత్తుకు ఎక్కగలిగే వేగాన్ని తెలుపుతుంది. మోడల్‌లో ఈ గీతలు కనిపించవు గానీ హద్దు మాత్రం అక్కడా ఉంటుంది.

ఒక ఇంజన్ పోతే సగం సామర్థ్యం మిగులుతుందన్న నమ్మకాన్ని మొదటి రోజే వదిలేయాలి. ఒక్కొక్కటి 200 హార్స్‌పవర్ ఉన్న రెండు ఇంజన్లను ఊహించుకోండి. ఎత్తు పెరగకుండా, తగ్గకుండా నిలిచి ఉండటానికే 160 ఖర్చవుతుందనుకుందాం. రెండూ పనిచేస్తుంటే ఎక్కడానికి 240 మిగులుతుంది. ఒకటి ఆగితే మిగిలేది 40. ఆగిన ప్రొపెల్లర్ లాగుడు, పక్కకు జారుతున్న విమానానికి తగిలే గాలి ఆ నలభైలోనూ వాటా తీసుకుంటాయి. బలం సగమే తగ్గింది, ఎక్కే శక్తి మాత్రం ఐదింట నాలుగు వంతులకు పైగా పోయింది.

రెండు ప్రొపెల్లర్లూ వెనుక నుంచి చూసినప్పుడు గడియారపు ముళ్ల దిశలోనే తిరిగితే, ఎడమ ఇంజన్ ఆగడం ఎక్కువ ప్రమాదకరం. ముక్కు పైకెత్తి ఉన్నప్పుడు కిందికి దిగే బ్లేడ్ ఎక్కువ బలాన్నిస్తుంది. కుడి ఇంజన్‌లో ఆ బ్లేడ్ మధ్యరేఖకు మరింత దూరంగా ఉంటుంది కనుక దాని తిప్పుడు బలం ఎక్కువ. అందుకే ఎడమ ఇంజన్‌ను క్రిటికల్ ఇంజన్ అంటారు. పీ-38 లైట్నింగ్ యుద్ధ విమానంలో ప్రొపెల్లర్లు ఒకదానికొకటి ఎదురుగా, పైభాగాన బయటివైపుకు తిరుగుతాయి. ఆ అమరికలో ఏది ఆగినా అదే స్థాయి ప్రమాదం.

2. మోడల్: ఎలక్ట్రిక్ మోటార్ల అమరిక

మొదటి ట్విన్ మోడల్‌గా ఎలక్ట్రిక్‌నే ఎంచుకోండి. నూనె ఇంజన్ల కంటే బ్రష్‌లెస్ మోటార్లు గాలిలో ఆగిపోవడం చాలా అరుదు. అవి ఆగే సందర్భాలు ఎక్కువగా మన వైరింగ్ వల్లే వస్తాయి, కాబట్టి కాలం కేటాయించవలసింది ఇక్కడే.

ఒక్కో మోటారుకు ఒక్కో ఈఎస్‌సీ (మోటారు వేగాన్ని నియంత్రించే పరికరం) ఉండాలి. రెండు బ్రష్‌లెస్ మోటార్లను ఒకే ఈఎస్‌సీకి కలపకూడదు. మోటార్లు, ఈఎస్‌సీలు, ప్రొపెల్లర్లు ఒకే రకానివై, వీలైతే ఒకేసారి కొన్నవై ఉండాలి.

రెండు ఈఎస్‌సీలలోనూ రిసీవర్‌కు కరెంటునిచ్చే బీఈసీ ఉంటే, వాటిని వై-లీడ్‌తో (రెండు కనెక్టర్లను ఒకటిగా కలిపే వైరుతో) నేరుగా కలిపినప్పుడు అవి ఒకదానితో ఒకటి పోటీపడతాయి. కనీసం ఒకదాని ఎర్ర వైరును కనెక్టర్ నుంచి బయటికి లాగి టేపు చుట్టాలి. అంతకంటే మంచి పద్ధతి రెండింటి ఎర్ర వైర్లనూ తీసేసి, రిసీవర్‌కూ సర్వోలకూ (రడ్డర్ లాంటి పలకలను కదిలించే చిన్న మోటార్లకూ) విడిగా ఒక బీఈసీ పెట్టడం. అప్పుడు ఒక ఈఎస్‌సీ కాలిపోయినా నియంత్రణ మీ చేతిలోనే ఉంటుంది.

రెండు మోటార్లకూ ఒకే బ్యాటరీ, లేదా సమాంతరంగా కలిపిన రెండు బ్యాటరీలు ఉండాలి. ఒక్కో మోటారుకు ఒక్కో బ్యాటరీ విడిగా ఇచ్చే పద్ధతిని నేను ఎవరికీ సూచించను. ఒక బ్యాటరీ కాస్త ముందుగా అయిపోతే ఆ వైపు ఈఎస్‌సీ మోటారును ఆపేస్తుంది, సరిగ్గా మీరు దిగడానికి సిద్ధమవుతున్న వేళ. బ్యాటరీ సామర్థ్యాన్ని రెండు మోటార్ల కరెంటునూ కూడి లెక్కించాలి.

ఈఎస్‌సీలను ఫ్యూజ్‌లేజ్‌లో (విమానం మొండెంలో) పెడితే, మోటారు వైపు వెళ్లే మూడు వైర్లను పొడిగించండి. బ్యాటరీ వైపు వైర్లను పొడిగించకండి. బ్యాటరీ వైర్లు పొడవైతే ఈఎస్‌సీ లోపలి కెపాసిటర్ల మీద వోల్టేజి పోట్లు పడి అవి చెడిపోతాయి. ఫ్యూజ్‌లేజ్‌లో గాలి లోపలికి వచ్చే దారి, అంతకంటే పెద్దదిగా బయటికి పోయే దారి ఉండేలా చూసుకోవాలి.

ప్రొపెల్లర్లను ఎదురుబొదురుగా తిప్పగలిగితే టేకాఫ్‌లో పక్కకు లాగడం దాదాపు ఉండదు. ఒక మోటారు మూడు వైర్లలో ఏ రెండింటినైనా తారుమారు చేస్తే దిశ మారుతుంది. దానికి తగిన ఎదురు దిశ ప్రొపెల్లర్ తప్పక వేయాలి. పైభాగాన బ్లేడ్ ఫ్యూజ్‌లేజ్ వైపు కదిలి, ఫ్యూజ్‌లేజ్ పక్కగా కిందికి దిగేలా అమర్చితే, ఒక మోటారు ఆగినప్పుడు తిప్పుడు బలం తక్కువగా ఉంటుంది.

నేల మీద పరీక్షించే క్రమం:

- ప్రొపెల్లర్లు తీసేసి, రెండు ఈఎస్‌సీలకూ థ్రాటిల్ క్యాలిబ్రేషన్ ఒక్కొక్కటిగా చేయాలి.
- స్టిక్‌ను నెమ్మదిగా కదిలిస్తూ రెండు మోటార్లూ ఒకే స్థానంలో మొదలవుతున్నాయో లేదో చూడాలి.
- ప్రొపెల్లర్లు బిగించి, మోడల్‌ను కదలకుండా కట్టి, వాట్‌మీటరుతో ఒక్కో వైపు కరెంటును కొలవాలి. తేడా ఐదు శాతం దాటితే ప్రొపెల్లర్, సోల్డరింగ్, కనెక్టర్ వరుసగా వెతకాలి.
- మొత్తం శక్తి కిలోకు 150 నుంచి 200 వాట్ల మధ్య ఉంటే పాతతరం రవాణా విమానాల మోడళ్లకు సరిపోతుంది.
- పూర్తి థ్రాటిల్‌లో రేంజ్ పరీక్ష చేసి, ఫెయిల్‌సేఫ్‌లో (సిగ్నల్ తెగిపోయినప్పుడు) రెండు మోటార్లూ ఆగుతున్నాయని నిర్ధారించుకోవాలి.

3. మోడల్: గ్లో, పెట్రోల్ ఇంజన్లయితే

ఇంజన్, ప్రొపెల్లర్, ప్లగ్, ఇంధనం, ట్యాంక్ ఎత్తు: ఈ ఐదూ రెండు వైపులా ఒకేలా ఉండాలి. ఒక్కో ఇంజన్‌కు సొంత ట్యాంక్ ఇవ్వాలి.

ముందు ఒక ఇంజన్‌ను స్టార్ట్ చేసి సరిచేసి ఆపండి. తరువాత రెండోదాన్ని అలాగే చేయండి. ఆ తరువాతే రెండింటినీ కలిపి నడపండి. నీడిల్‌ను (ఇంధనాన్ని సర్దే స్క్రూను) గరిష్ఠ ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దగ్గర వదలకుండా, అక్కడి నుంచి 300 నుంచి 500 ఆర్‌పీఎం తగ్గేదాకా రిచ్ వైపు (ఇంధనం పెరిగే వైపు) తెరవాలి. ముక్కును పైకెత్తి పట్టుకుని పూర్తి థ్రాటిల్‌లో కొన్ని క్షణాలు నడిపినప్పుడు ఏ ఇంజనూ తడబడకూడదు.

చాలామంది చేసే పొరపాటు, రెండు టాకోమీటర్ అంకెలూ అచ్చంగా ఒకటి కావాలన్న పట్టుదలతో వెనకబడిన ఇంజన్‌ను లీన్ చేయడం, అంటే దానికి ఇంధనం తగ్గించడం. అలా లీన్ అయిన ఇంజన్ పైకెక్కేటప్పుడు వేడెక్కి ఆగుతుంది. వేగంగా ఉన్నదాన్ని రిచ్ చేసి కిందికి తీసుకురండి. వంద, రెండు వందల ఆర్‌పీఎం తేడాను విమానం పట్టించుకోదు. ఆగిపోయిన ఇంజన్‌ను మాత్రం తట్టుకోలేదు. ఐడిల్‌లో (కనిష్ఠ వేగంలో) ఒక్కసారి తడబడినా ఆ రోజుకు ఎగరడం మానుకోవాలి.

4. మోడల్: సమతూకం, ట్రాన్స్‌మిటర్ అమరిక

గరిమనాభిని మొదటి ఫ్లైట్‌కు రెక్క సగటు వెడల్పులో ముందు అంచు నుంచి 25 శాతం దగ్గర ఉంచండి. పొట్టి ముక్కు ఉన్న యుద్ధ విమానాల మోడళ్లలో దీనికి ముక్కులో బరువు వేయవలసి వస్తుంది. బరువు పెరుగుతుందని వెనకాడకండి; తోక బరువుగా ఉన్న ట్విన్ వేగాన్ని తొందరగా కోల్పోతుంది. మోటార్ల షాఫ్టులను రెండు మూడు డిగ్రీలు బయటివైపుకు చూపితే, ఒకటి ఆగినప్పుడు రెండోదాని లాగుడు కొంత తగ్గుతుంది.

థ్రాటిల్‌లను రెండు వేర్వేరు ఛానెళ్లలో పెట్టుకుంటే, రడ్డర్ స్టిక్‌తో పాటు మోటార్ల వేగంలో తేడా తెచ్చే మిక్సింగ్ వాడుకోవచ్చు. నేల మీద తిరగడానికి 10 నుంచి 20 శాతం చాలు. దాన్ని ఒక స్విచ్‌కు కట్టి, టేకాఫ్‌కు ముందు ఆపేయాలి.

జైరో (మోడల్‌ను దానంతట అదే నిలకడగా ఉంచే పరికరం) విషయంలో ఒక హెచ్చరిక. ఒక మోటారు బలహీనపడినప్పుడు జైరో మీకు తెలియకుండానే రడ్డర్‌ను, ఐలెరాన్‌ను (రెక్క వెనుక అంచున ఉండి విమానాన్ని పక్కకు వాల్చే పలకను) వాడి ముక్కును నిలబెడుతుంది. అది చేయగలిగిందంతా అయిపోయాక విమానం ఒక్కసారిగా తిరగబడుతుంది. మొదటి ఫ్లైట్లలో జైరోను ఆపి, మోడల్ నిజ స్వభావాన్ని మీ కళ్లతో తెలుసుకోవడం మంచిది.

5. మోడల్: టేకాఫ్, గాలిలో, దిగడం

గాలికి ఎదురుగా నిలిపి, తోక చక్రం ఉన్న మోడల్ అయితే ఎలివేటర్‌ను (ముక్కును పైకీ కిందికీ కదిలించే తోక పలకను) కొద్దిగా వెనక్కి పట్టుకోవాలి. థ్రాటిల్‌ను మూడు నాలుగు సెకన్లు తీసుకుని నెమ్మదిగా పెంచాలి. పరుగు మొదటి సగంలో ఒక వైపు లాగుతుంటే అది మోటార్ల తేడా అయి ఉండవచ్చు. అప్పుడు రడ్డర్‌తో పోరాడకుండా థ్రాటిల్ మూసి వెనక్కి తెచ్చుకోండి. నేల మీద ఆపిన పరుగుకు ఖర్చేమీ ఉండదు.

నేల వదిలాక తక్కువ కోణంలో ఎక్కుతూ వేగాన్ని పెంచుకోవాలి. మొదటి మలుపు రెండు వృక్షాలంత ఎత్తు దాటాకే, అదీ మెత్తగా తీసుకోవాలి. నేల వదిలిన వెంటనే ముక్కును నిలువుగా ఎత్తడం అన్నింటికంటే చెడ్డ అలవాటు, ఎందుకంటే సరిగ్గా అప్పుడే పూర్తి బలం, తక్కువ వేగం ఒకే చోట కలుస్తాయి.

దిగేటప్పుడు చివరిదాకా కొంచెం పవర్ ఉంచి, రెక్కల కింది ప్రధాన చక్రాల మీద ఆనేలా తీసుకురావాలి. కొనలు సన్నబడిన రెక్కలున్న మోడళ్లలో వేగం తగ్గితే రెక్క కొన ముందుగా స్టాల్ అవుతుంది, అంటే పైకెత్తే బలాన్ని కోల్పోతుంది. టైమర్‌ను బ్యాటరీలో కనీసం 30 శాతం మిగిలేలా పెట్టుకోండి.

6. మోడల్: ఒక మోటారు ఆగితే

గుర్తు ఏమిటంటే, మీరేమీ చేయకుండానే ముక్కు ఒక వైపుకు జారుతుంది, ఆ వైపు రెక్క వాలుతుంది. సహజంగా చేయి వెళ్లేది రెక్కను ఎత్తే ఐలెరాన్ వైపు. అలా చేస్తే వాలిన రెక్క మీద ఐలెరాన్ కిందికి దిగి, లాగుడు పెంచి, తిప్పుడును ఇంకా ఎక్కువ చేస్తుంది. ఈ క్రమాన్ని బిగ్గరగా చదివి కంఠస్థం చేయండి:

1. థ్రాటిల్ వెంటనే కిందికి.
2. ముక్కు కొద్దిగా కిందికి, వేగం కోసం.
3. జారుతున్న వైపుకు ఎదురు రడ్డర్.
4. రెక్కలు సమంగా వచ్చాక, ఎదురుగా ఉన్న ఖాళీ స్థలంలోకి గ్లైడర్‌లా దించడం.

ఎత్తు తగినంత ఉండి, రన్‌వే దూరంగా ఉంటే, వేగం వచ్చాక థ్రాటిల్‌ను సగం లోపే కొద్దికొద్దిగా పెంచి చూడవచ్చు. రడ్డర్ చాలకపోతే మళ్లీ తగ్గించేయాలి. పనిచేస్తున్న మోటారు వైపుకు పెద్ద, మెత్తటి మలుపు తీసుకోండి. మొదట దిగడానికి తొందరపడిన మోడల్ పొలంలో గేర్ (చక్రాల అమరిక) విరిగి బతుకుతుంది. రన్‌వే దాకా లాక్కురావాలని పూర్తి థ్రాటిల్ ఇచ్చిన మోడల్ ముక్కలవుతుంది.

7. అసలు విమానం: పాత రేడియల్ ఇంజన్లను లేపడం

డీసీ-3 రవాణా విమానాల్లో చాలావాటికి 14 సిలిండర్ల ట్విన్ వాస్ప్ ఇంజన్లు, బీచ్ 18 విమానాల్లో ఎక్కువవాటికి వాస్ప్ జూనియర్ ఇంజన్లు ఉంటాయి. సిలిండర్లు చక్రాకారంలో ఉన్నందున, ఆగి ఉన్నప్పుడు నూనె కింది సిలిండర్లలోకి చేరుతుంది. నూనె నలగదు. దాని మీద పిస్టన్ బలంగా దిగితే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. దీన్నే హైడ్రాలిక్ లాక్ అంటారు.

అందువల్ల మాగ్నెటో (ప్లగ్‌లకు కరెంటునిచ్చే పరికరం) స్విచ్‌లు ఆపి ఉన్నాయని చూసుకుని, ప్రొపెల్లర్‌ను చేత్తో, తిరిగే దిశలోనే, కొన్ని పూర్తి చుట్లు తిప్పాలి. స్విచ్ ఆపి ఉన్నా ప్రతి ప్రొపెల్లర్‌నూ ప్రాణమున్నదిగానే భావించి నిలబడాలి. గట్టిగా అడ్డుపడితే అక్కడే ఆపి, కింది సిలిండర్ల ప్లగ్‌లు తీసి నూనెను కారనివ్వాలి. వెనక్కి తిప్పితే అడ్డు తొలగినట్లు అనిపిస్తుంది, కానీ ఆ నూనె ఇన్‌టేక్ గొట్టంలోకి వెళ్లి, ఇంజన్ స్టార్ట్ అయ్యాక తిరిగి సిలిండర్‌లోకే వస్తుంది.

స్టార్ట్ అయ్యాక కొన్ని సెకన్లలోనే ఆయిల్ ప్రెజర్ కనిపించాలి, లేకపోతే ఆపేయాలి. ఆయిల్ సుమారు 40 డిగ్రీల సెల్సియస్‌కు చేరేదాకా పవర్ పెంచవద్దు. నేల మీద కౌల్ ఫ్లాప్స్ (ఇంజన్‌ను చల్లబరిచే గాలి తలుపులు) పూర్తిగా తెరిచి ఉంచాలి.

8. టాక్సీ, రనప్

తోక చక్రం ఉన్న ట్విన్‌లో ముక్కు పైకి ఉండి దారిని కప్పేస్తుంది. పాములా అటూ ఇటూ తిరుగుతూ ముందు చూసుకోవాలి. పక్కగాలి ముక్కును తనవైపు తిప్పుతుంటే, గాలి వచ్చే వైపు ఇంజన్‌కు కాస్త పవర్ పెంచండి. బ్రేకుల అవసరం తగ్గుతుంది.

రనప్‌లో (టేకాఫ్‌కు ముందు చేసే ఇంజన్ల పరీక్షలో) మాగ్నెటోలతో పాటు ఫెదరింగ్ (లాగుడు తగ్గేలా ప్రొపెల్లర్ బ్లేడ్ల అంచును గాలికి ఎదురుగా తిప్పడం) పనిచేస్తోందో లేదో చూడటం ట్విన్‌కు ప్రత్యేకం. రన్‌వే మీద నిలిచాక తోక చక్రం తాళం వేసి, ముక్కును నిటారుగా చేసుకోవడానికి కొన్ని అడుగులు ముందుకు నడపాలి.

9. టేకాఫ్‌కు ముందే తీసుకునే నిర్ణయం

పరుగు మొదలుపెట్టకముందే ఈ మూడు వాక్యాలను పైకి చెప్పుకోవాలి:

- నేల వదలకముందు ఏది ఆగినా రెండు థ్రాటిళ్లూ మూసి, నేరుగా ఆపుతాను.
- నేల వదిలాక, గేర్ ఇంకా కిందే ఉండి, ముందు రన్‌వే మిగిలి ఉంటే, రెండూ మూసి అక్కడే దిగుతాను.
- గేర్ పైకి వెళ్లి, నీలి గీత వేగం దాటి ఉంటేనే ఎక్కడం కొనసాగిస్తాను.

రెండో వాక్యమే కష్టం. బాగా పనిచేస్తున్న ఇంజన్‌ను తన చేత్తో మూసేయడానికి మనసు ఒప్పుకోదు. అయితే బరువుగా, వేడి గాలిలో, గేర్ కింద ఉన్న తేలికపాటి ట్విన్ ఒక్క ఇంజన్‌తో ఎక్కలేకపోవచ్చు. అప్పుడు రెండో ఇంజన్ విమానాన్ని పక్కకు తిప్పడానికే మిగులుతుంది. వీఎంసీ కంటే తక్కువ వేగంలో నేల వదలకూడదన్న నియమం ఇక్కడి నుంచే వచ్చింది.

10. గాలిలో ఇంజన్ ఆగితే

1. రడ్డర్‌తో ముక్కును నిలపాలి, పనిచేస్తున్న ఇంజన్ వైపుకు రెక్కను కొద్దిగా వాల్చాలి, ముక్కును నీలి గీత వేగానికి తగినట్లు దించాలి.
2. మిక్స్చర్లు (ఇంధనం, గాలి పాళ్లను సర్దే లివర్లు), ప్రొపెల్లర్లు, థ్రాటిల్స్ అన్నీ ముందుకు నెట్టాలి.
3. ఫ్లాప్స్ (రెక్క వెనుక అంచున దిగే పలకలు) పైకి, గేర్ పైకి.
4. ఏది ఆగిందో గుర్తించాలి: బలం పెట్టకుండా ఖాళీగా ఉన్న పాదం వైపే ఆగిన ఇంజన్.
5. నిర్ధారించుకోవాలి: ఆ వైపు థ్రాటిల్‌ను నెమ్మదిగా వెనక్కి లాగితే విమానంలో మార్పేమీ రాకూడదు.
6. ఆ ఇంజన్ ప్రొపెల్లర్‌ను ఫెదర్ చేసి, ఆ తరువాత మిక్స్చర్ మూయాలి.

ఐదో మెట్టును దాటవేసినవారే మంచి ఇంజన్‌ను ఆపేస్తారు. గేజీలను చూసి గుర్తించడం మీద ఆధారపడకండి. ఆగిన ఇంజన్‌లోనూ మానిఫోల్డ్ ప్రెజర్ (ఇంజన్‌లోకి వెళ్లే గాలి పీడనం) మామూలుగానే కనిపించవచ్చు, గాలికి తిరిగే ప్రొపెల్లర్ ఆర్‌పీఎంను నిలబెట్టవచ్చు. పాదం మాత్రం తప్పు చెప్పదు.

ఆరో మెట్టులో ఆలస్యం పనికిరాదు. తేలికపాటి ట్విన్‌లలో చాలా ప్రొపెల్లర్లకు, ఆర్‌పీఎం బాగా పడిపోయినప్పుడు ఫెదర్ కాకుండా ఆపే పిన్నులు ఉంటాయి. నేల మీద ఇంజన్ ఆపినప్పుడు అవి అవసరం. గాలిలో మాత్రం ఆ ఆర్‌పీఎం కంటే కిందికి పడితే ఫెదర్ చేసే అవకాశం పోతుంది.

వాల్చవలసింది రెండు నుంచి మూడు డిగ్రీలు మాత్రమే, ఐదు దాటకూడదు. స్లిప్ మీటరులోని బంతి మధ్యలో కాకుండా, పనిచేస్తున్న ఇంజన్ వైపుకు సగం జరిగి ఉండటమే సరైనది. రెక్కలను సమంగా ఉంచి బంతిని మధ్యలో పట్టాలన్న ఒక ఇంజన్ విమానపు అలవాటు ఇక్కడ ఎక్కే శక్తిని తినేస్తుంది, వీఎంసీని కూడా పెంచుతుంది.

11. ఒక్క ఇంజన్‌తో దిగడం

నీలి గీత వేగాన్ని చివరి మలుపు పూర్తయ్యేదాకా వదలవద్దు. గేర్‌ను దిగడం ఖాయమయ్యాక, పూర్తి ఫ్లాప్స్‌ను రన్‌వే చేతికందాక వేయాలి. ఒక ఎత్తును ముందుగా నిర్ణయించుకుని, దాని కింద తిరిగి పైకెక్కే ప్రయత్నం చేయకూడదు.

రడ్డర్ ట్రిమ్‌ను పవర్ తగ్గించకముందే మధ్యకు తీసుకురండి. చాలామంది దీన్ని మరచిపోతారు. థ్రాటిల్ మూసిన క్షణంలో తోపు పోతుంది, ట్రిమ్ మాత్రం మిగిలి ముక్కును రెండో వైపుకు తిప్పుతుంది, అదీ చక్రాలు ఆనే సమయానికి. బీచ్ 18 లాంటి తోక చక్రపు విమానాలు అటువంటి చిన్న వంకరను కూడా గ్రౌండ్ లూప్‌గా (నేల మీద అదుపు తప్పి గిరుక్కున తిరగడంగా) మార్చగలవు. ముందు చక్రాల మీద ఆని, తోక దానంతట దిగి, విమానం పూర్తిగా నిలిచేదాకా పాదాలు పనిచేస్తూనే ఉండాలి.

రేడియల్ ఇంజన్లతో కిందికి దిగేటప్పుడు పవర్‌ను ఒక్కసారిగా మూయకండి. ప్రతి 100 ఆర్‌పీఎంకు కనీసం ఒక అంగుళం మానిఫోల్డ్ ప్రెజర్ ఉంచితే, గాలికి తిరిగే ప్రొపెల్లరే ఇంజన్‌ను తిప్పి బేరింగులను దెబ్బతీసే పరిస్థితి రాదు.

12. సాధన ఎలా చేయాలి

అసలు విమానంలో ఇంజన్ వైఫల్య సాధనను శిక్షకుడితో, నేల నుంచి కనీసం 3,000 అడుగుల ఎత్తులో, థ్రాటిల్‌ను ఫెదర్ అయిన ప్రొపెల్లర్‌కు సమానమైన సెట్టింగ్‌లో పెట్టి చేయాలి. టర్బో లేని ఇంజన్లకు ఎత్తు పెరిగేకొద్దీ బలం తగ్గుతుంది కనుక వీఎంసీ కూడా తగ్గుతుంది, స్టాల్ వేగం మాత్రం మీటరు మీద మారదు. ఒక ఎత్తులో ఆ రెండూ కలుస్తాయి. అక్కడ ముక్కు తిరగడానికి ముందే విమానం స్టాలై స్పిన్‌లోకి (గింగిరాలు తిరుగుతూ పడే స్థితిలోకి) వెళ్లవచ్చు. అందువల్ల ముక్కు తిరగడం మొదలైనా, స్టాల్ హెచ్చరిక వినిపించినా, ఏది ముందు వస్తే అక్కడే ఆపి, పనిచేస్తున్న ఇంజన్ థ్రాటిల్ మూసి, ముక్కు దించాలి.

మోడల్‌లో సాధన ఇంకా సులభం. రెండు ఛానెళ్ల థ్రాటిల్ ఉంటే, ఒక మోటారును మాత్రమే ఐడిల్‌కు తెచ్చే స్విచ్ పెట్టుకోండి. మంచి ఎత్తులో, సగం థ్రాటిల్‌లో, ఒక స్నేహితుడి చేత మీకు చెప్పకుండా ఆ స్విచ్ వేయించండి. స్విచ్ పడిన క్షణం నుంచి మీ బొటనవేలు థ్రాటిల్‌ను కిందికి లాగడానికి ఎంత సమయం పట్టిందో అతన్ని లెక్కపెట్టమనండి. ఒక సెకను లోపు వచ్చేదాకా ఎడమ మోటారుతో, తరువాత కుడి మోటారుతో, మళ్లీ మళ్లీ చేయండి.